అరవై అయిదు వేల తలుపులు

ఇది గండి వరద వెళ్ళిన ఆరో ఏట జరిగింది. మా కూనలంకలో ఇప్పుడు ఏ సంగతైనా అలాగే చెప్పుకుంటాం. ఫలానావాడి పెళ్ళి గండి వరదకి ముందు, ఫలానావాడి కొబ్బరితోట గండి వరద తర్వాత. గోదారి గట్టు తెగి నీళ్ళు మా మీంచి పోయిన ఏడాది అది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి. నీళ్ళు తీశాక ఇంకో వింత మొదలైంది. పోయినవాళ్ళు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు.

అచ్చం ఆ మనిషి గొంతే. ఆ దగ్గే, ఆ నవ్వే. "అక్కా, నేను బతికే ఉన్నాను. వరద సాయం ఈ నంబరుకి పంపు" అనేది. ఎక్కడో కూచుని ఎవరో యంత్రాలతో చేసే మోసం. మా ఆవిడ తమ్ముడు గంగరాజుని మేమే స్వయంగా దహనం చేశాం. అయినా వాడు ఫోను చేశాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ బెల్లం ఎక్కడ దాచేదో కూడా చెప్పాడు. మా ఆవిడ చాలా రోజులు మంచం దిగలేదు.

దాంతో లంకలో అందరం కూడి ఒక కట్టుబాటు చేసుకున్నాం. మా వైరు మా సంఘానిదే. బయటినుంచి లోపలికి ఏ ఫోనూ, ఏ కబురూ రాకూడదు. లోపల్నించి బయటికి పోవచ్చు. అది కూడా ఆ ఇంటి మనిషి తన సొంత గొంతుతో, ఎవరిని పిలుస్తున్నదీ వాళ్ళ పూర్తి పేరు చెప్పాలి. అప్పుడే ఇంటిపెట్టె దారి తీస్తుంది. ఇంటిపెట్టె అంటే గోడకి బిగించిన సర్వరు. మోటారూ, దీపాలూ, ఫోనూ అన్నీ దాని చేతిలోనే. మంచి ఏర్పాటే అని నేనూ చెయ్యెత్తాను.

నా పేరు కొప్పిశెట్టి ఏడుకొండలు. నాకో గేదె ఉంది, కాటుక. గండి వరదప్పుడు అది నెలల దూడ. మా ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని డాబా మీద వానలో కూచుంది. నేను తాడుతో ఇద్దర్నీ నీళ్ళట్యాంకుకి కట్టాను. అలా మిగిలిన గొడ్డు అది. పెద్దదయ్యాక దానికి పొగరు కూడా వచ్చింది. నా చెయ్యి పడితేనే చేపుతుంది. ఇంకెవరు కూచున్నా పాలు పైకి ఎగబట్టేసి, గిన్నెని తన్ని, మనిషిని కూడా తన్నుతుంది. మా ఆవిడని కూడా వదల్లేదు. "ఒళ్ళో పెట్టుకుని మోశాను కదే" అని మా ఆవిడ మోకాలు రుద్దుకుంటూ తిడితే, అది అటు తిరిగి గడ్డి నమిలేది.

అలాంటి గేదె కోసమే వెతుక్కుంటూ వచ్చింది ఎస్తేరు డాక్టరమ్మ. పట్నంలో పశువుల కాలేజీలో పనిచేస్తుంది. పూర్తి పేరు పెనుమాల ఎస్తేరు రాణి. "జిల్లా మొత్తంలో మీ గేదె అంత మొండిది లేదంటగా, ఏడుకొండలుగారూ?" అంది మెట్లెక్కుతూనే. నా పేరు అంత గట్టిగా వినపడగానే మా ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

డాక్టరమ్మ తెచ్చింది ఒక చెయ్యి. రబ్బరుది. ఇనప కాలు మీద నిలబడుతుంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. దానికి జతగా ఒక తొడుగు ఉంది. ఆ తొడుగు నేను వేసుకుని వేలు కదిపితే, ఆ చెయ్యి అలాగే వేలు కదుపుతుంది. ఆ చెయ్యి దేన్ని పట్టుకుంటే అది నా వేళ్ళకి తెలుస్తుంది. గేదె కింద కూచోలేని ముసలివాళ్ళ కోసం చేశానంది. పాలు పితికే యంత్రాలు ఉన్నాయి గానీ కాటుకలాంటివి ఇనుముకి చేపవట.

నేను వసారాలో కుర్చీలో కూచున్నాను. చెయ్యి పాకలో ఉంది. మా ఆవిడ దానికి ముందు స్నానం చేయించింది.

"దానికి నీళ్ళు పడకూడదమ్మా" అని డాక్టరమ్మ పరిగెత్తింది.

"మా గేదెకి మురికి చెయ్యి పడకూడదు" అంది మా ఆవిడ.

తుడిచి, ఆరబెట్టి, మొదలుపెట్టాం. నా వేళ్ళకి చన్ను తగిలింది. కాటుక కాసేపు వాసన చూసిందట. తర్వాత వదిలేసింది. చేపు దిగడం నా వేళ్ళకి తెలిసిపోయింది. వసారాలో కూచుని గాలిని పితుకుతూ ఉంటే పాకలో గిన్నె నిండింది. నా చెయ్యి నన్ను వదిలేసి సొంతంగా పనికి పోతున్నట్టుంది. డాక్టరమ్మ పేడలో గంతులేసింది. చెయ్యి మీ పేరు మీదే, మీ ఇంటిపెట్టెలో రాసేశాను, ఇంక మీరు ప్రపంచంలో ఎక్కడున్నా పితకొచ్చు అంది. వెళ్ళిపోయింది.

ప్రపంచంలో ఎక్కడికీ వెళ్ళే పని నాకు లేదు. తర్వాత కాటుక మళ్ళీ ఈనింది. దూడ వారం తిరక్కుండానే పోయింది. దూడ లేని గేదె చేపడం ఎంత కష్టమో గొడ్డున్నవాళ్ళకి తెలుసు. దానికి నేనే దూడనైపోయాను. పూటపూటా దగ్గర కూచుని పొదుగు నిమిరితే గానీ దిగేది కాదు.

ఒక పొద్దున్న పాకలో పేడ మీద కాలు జారి పడ్డాను. తుంటి విరిగింది. పక్కింటి వీరన్న నన్ను తలుపు చెక్క మీద పడుకోబెట్టి పడవెక్కించాడు. పట్నం ఆసుపత్రిలో ఇనుము పెట్టి కుట్టారు. మూడోనాడు వాకరు ఇచ్చి నాలుగడుగులు వేయించారు. ఇంకో మూడు వారాలు ఇక్కడే ఉండాలన్నారు.

మా ఆవిడ కబురు చెయ్యగా ఆ మూడోనాడే డాక్టరమ్మ తొడుగు పట్టుకుని వార్డులోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"చూశారా ఏడుకొండలుగారూ? ఇలాంటప్పటికే కదా మనం చేసింది!"

పక్క మంచం మీద సుబ్బరాజుగారని ఉన్నారు. కొబ్బరిచెట్టు మీంచి పడ్డారు. కాలు పైకి కట్టి బరువులు వేలాడదీశారు. ఆయన మెడ మాత్రం తిప్పగలరు. ఆ మెడని ఆయన బాగా వాడుకునేవారు.

"ఏంటండీ అది? క్రికెట్టాడతారా?"

"గేదె పాలు పితుకుతాను."

"ఆయ్. ఇక్కణ్ణించా?"

"ఊ."

సుబ్బరాజుగారు సిస్టరుని పిలిచి, నాకు జ్వరమొచ్చిందేమో చూడమన్నారు.

తొడుగు వేసుకున్నాను. వేళ్ళు కదిపాను. ఏమీ తగల్లేదు. డాక్టరమ్మ కంప్యూటరు తీసి ఏదో కొట్టింది. మళ్ళీ కొట్టింది. మొహంలో వెలుగు మెల్లిగా తగ్గింది.

"తలుపు మూసుంది" అంది.

"పాక తలుపు తీసే ఉంటుంది" అన్నాను.

"ఆ తలుపు కాదండీ. ఒక్కో ఇంటిపెట్టెకి అరవై అయిదు వేల పైచిలుకు తలుపులుంటాయి. ఏదో ఒకదాంట్లోంచి లోపలికెళ్ళాలి. మీ లంకవాళ్ళు అన్నీ మూసేశారు."

మా ఇంటికి నాకు తెలిసి ఉన్నవి రెండు తలుపులు. అందులో ఒకటి గాలివాన పట్టుకుపోతే రేకు పెట్టాం.

"మొన్న పనిచేసిందిగా?" అన్నాను.

"మొన్న మీరు ఇంట్లోంచి ఇంట్లోకి వెళ్ళారు." డాక్టరమ్మ నుదురు కొట్టుకుంది. "బయటినుంచి వెళ్ళి చూడనే లేదు. నాలుగేళ్ళు చేశాను ఈ చెయ్యి. బయటినుంచి ఒక్కసారి చూడలేదు."

సుబ్బరాజుగారు ఓదార్చారు. "అరవై అయిదు వేల తలుపులు పెట్టించినవాడు ఒక్క కిటికీ అయినా తీసుంచడా అమ్మా? చూడండి."

అప్పుడే డాక్టరమ్మ ఫోను మోగింది. మా ఆవిడ. పెట్టెకి డాక్టరమ్మ పూర్తి పేరు చెప్పి చేసింది. డాక్టరమ్మ గొంతు పెద్దది చేసి పెట్టింది. వార్డంతా వినపడుతోంది.

"డాక్టరమ్మా, చెయ్యి కదలడం లేదు. కాటుక పొదుగు రాయైపోయింది. ముట్టుకోనివ్వదు. ఎర్రగా కూడా ఉంది. నిన్నటి నుంచీ మేత ముట్టలేదు. పొద్దున్న వీరన్న కూచుంటే తన్నింది. వాడు ఇప్పుడు కుంటుతున్నాడు."

"ఎక్కువ కాదు పిన్నీ, కొంచెమే" అని వెనకనించి వీరన్న గొంతు.

డాక్టరమ్మ నా వంక చూసి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టింది. "పొదుగువాపు మొదలైంది. ఈ పూట పాలు తియ్యకపోతే చన్నులు పోతాయి. జ్వరం లోపలికెక్కితే గేదె కూడా దక్కదు."

నేను చేతికున్న తొడుగుని చూసుకున్నాను.

డాక్టరమ్మ ఒక్కసారి లేచి నిలబడింది.

"అమ్మా! మేం లోపలికి రాలేం. కానీ లోపల్నించి బయటికి రానిస్తారు కదా? మీరే పెట్టెని బయటికి పంపండి. అది వచ్చి ఇక్కడ ఈ తొడుగుని పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే మనం వదలమనేదాకా వదలదు. అది వేసిన దారిలోంచే ఆయన చెయ్యి ఇంట్లోకొస్తుంది."

"బాగుంది తల్లీ. ఏం చెయ్యాలి?"

"ఏమీ లేదు. ఆయన పేరు చెప్పండి. అంతే."

అటునించి చప్పుడు లేదు.

"అమ్మా? వినపడుతోందా?"

"ఎవరి పేరు?"

"ఏడుకొండలుగారి పేరు. మీ ఆయన పేరు."

నేను కళ్ళు మూసుకున్నాను.

ఈ కాలం పిల్లలు మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు. దాని ముందు ఒరేయ్ కూడా తగిలిస్తారు. మా ఆవిడ అలా కాదు. పేరు నోట్లోంచి వస్తే ఆ మనిషి ఆయువు తగ్గుతుందని వాళ్ళమ్మ చెప్పింది, వాళ్ళమ్మకి వాళ్ళమ్మ చెప్పింది. పెళ్ళినాడు గుమ్మం దగ్గర ఆడపిల్లలు అడ్డం నిలబడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామంటే, పొద్దు వాలేదాకా గుమ్మంలోనే నిలబడింది. చివరికి వాళ్ళే ఆకలేసి దారిచ్చారు. నా పేరే కాదు, అందులో ఉన్న అంకె కూడా పలకదు. కొట్లో ఏడు కొబ్బరికాయలు కావాలంటే ఆరు అడిగి తీసుకుని, సంచీలో వేసుకుని, అప్పుడు ఇంకోటి అడుగుతుంది. ఆమె లెక్కలో వారానికి ఆరు రోజులు, ఒక ఆదివారం.

"వీరన్న చెప్తాడు" అంది మా ఆవిడ.

"నేను చెప్తాను" అని వీరన్న ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని అరిచాడు. "కొప్పిశెట్టి ఏడుకొండలూ!"

పెట్టె మర్యాదగా జవాబిచ్చింది. "ఈ గొంతు ఈ ఇంటిది కాదు."

"నీ గోడకి మేకులు కొట్టింది నేనే కదా!" అన్నాడు వీరన్న.

"ఈ గొంతు ఈ ఇంటిది కాదు."

ఆ ఇంట్లో రాసి ఉన్న గొంతులు రెండే. నాదీ, ఆమెదీ. డాక్టరమ్మ ఫోను నా నోటి దగ్గర పెట్టింది. మీరే చెప్పండి, అటు పెట్టెకి వినపడుతుంది అంది. నా పేరు నేను చెప్పాను.

"ఇది ఫోనులోంచి వచ్చిన గొంతు. ఒప్పుకోబడదు" అంది పెట్టె. పోయినవాళ్ళ కోసం మేం రాయించిన నియమమే అది. నేను చెయ్యెత్తి ఒప్పుకున్నదే.

"పోనీ మరో పేరున రాయిస్తే?" అని సుబ్బరాజుగారు.

"సంఘం కూచోవాలి. సంతకాలు కావాలి. వారం పడుతుంది" అంది డాక్టరమ్మ. గోళ్ళు కొరుక్కుంది. మళ్ళీ వెలిగింది. "ఉండండి! పేరు బదులు సంఘం సభ్యత్వం నంబరు చెప్పినా ఒప్పుకుంటుంది. నాలుగంకెలే. అమ్మా, పేరు వద్దు. నంబరు చెప్పండి. రెండు, ఏడు, ఏడు, నాలుగు."

నేను తల అడ్డంగా ఊపాను. ఎవరూ చూడలేదు.

అటు మా ఆవిడ గొంతు గట్టిగా, స్పష్టంగా వినపడింది. "రెండు. ఆరూ ఒకటీ. ఆరూ ఒకటీ. నాలుగు."

"మీరు ఆరు అంకెలు చెప్పారు" అంది పెట్టె. "నాలుగు అంకెలు చెప్పండి."

"నాలుగే చెప్పాను. కూడుకో."

"మీరు ఆరు అంకెలు చెప్పారు."

"దీనికి కూడికలు కూడా రావు" అంది మా ఆవిడ వీరన్నతో. "ఇంక సర్వరెందుకు?"

వార్డులో అందరూ మా మంచం చుట్టూ చేరారు. చెయ్యి విరిగినవాళ్ళు కాళ్ళ మీద, కాలు విరిగినవాళ్ళు చక్రాల కుర్చీల మీద. సిస్టరు వాళ్ళని తరమడానికి వచ్చి తనూ నిలబడిపోయింది.

"మా ఇంటాయన" అంది మా ఆవిడ పెట్టెతో, బతిమాలుతున్నట్టు.

"మా ఇంటాయన అనే పేరుతో ఎవరూ లేరు."

"పెద్దకొండ దేవుడి పేరు. కొండలు ఎన్నో అన్నీ."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి."

డాక్టరమ్మకి ఓపిక అయిపోయింది. "అమ్మా, పేరుకీ ఆయువుకీ సంబంధం లేదండీ. నేను సైన్సు చదువుకున్నాను, చెప్తున్నాను. గేదె చచ్చిపోతుంది."

"నీకు పెళ్ళయిందా తల్లీ?"

"లేదండి."

"అయితే ఊరుకో."

డాక్టరమ్మ నా వంక తిరిగింది. మీరు చెప్పండి, మీరు చెప్తే వింటారు అంది. ఫోను నా ముందు పెట్టింది. అందరూ నా నోటి వంక చూస్తున్నారు.

"కాటుక ఎలా ఉంది?" అన్నాను.

"నిలబడే ఉంది. పడుకోలేకపోతోంది. నా వంక చూస్తోంది." గొంతు తగ్గించింది. "మీరేమంటారు?"

"నీ ఇష్టం."

సుబ్బరాజుగారు నొచ్చుకున్నారు. "అదేంటండీ, చెప్పెయ్యమనండి!" ఎలా అంటాను? అను అంటే నా ప్రాణం పెట్టెయ్యమని ఆమెకి చెప్పినట్టు. వద్దంటే గేదెని చంపెయ్యమని చెప్పినట్టు. రెండూ నేనే చెప్పకూడదనిపించింది.

అటు కాటుక అరిచింది. గట్టి అరుపు కాదు. దూడ పోయిననాడు అరిచినట్టు.

మా ఆవిడ అడుగులు దూరమయ్యాయి. నీళ్ళ చప్పుడు. మొహం కడుక్కుంటోంది. వీరన్నని బయటికి పొమ్మంది. తలుపు వేసింది. మాకు అంతా వినపడుతున్న ఫోను సంగతి మర్చిపోయిందో, పట్టించుకోలేదో.

"కొప్పిశెట్టి ఏడుకొండలు" అంది.

చిన్నగా అంది. బళ్ళో హాజరు పిలిచినట్టు కాదు, వీరన్న అరిచినట్టు కాదు. వేడి గిన్నెని కొంగుతో పట్టుకుని దింపినట్టు ఒక్కో అక్షరమూ దింపింది. ఇన్నేళ్ళుగా వేసుకు తిరుగుతున్న నా పేరు అలా ఉంటుందని నాకు తెలీదు.

నా అరచేతిలో ఏదో పట్టుకున్నట్టయింది. తొడుగు బిగిసింది.

"పట్టుకుంది!" అని డాక్టరమ్మ కేక పెట్టింది.

నన్ను లేపి మంచం మీద కూచోబెట్టారు. చెయ్యి ముందుకి చాపాను. గాలిలో వెతికాను. తగిలింది. కాలిపోతోంది పొదుగు. బిగిసి, గట్టిగా, మధ్యలో ఉండలు కట్టి ఉంది. పితకలేదు. ముందు నిమిరాను. కిందినుంచి పైకి, పైనించి కిందికి, మా ఇంట్లో చేసినట్టే. తన్నింది. ఆ చెయ్యి ఇనప కాలుతో సహా ఊగినట్టు నా భుజానికి తెలిసింది. మళ్ళీ నిమిరాను. "హో" అన్నాను. ఫోనులోంచి అది పాకలోకి వెళ్ళిందో లేదో తెలీదు. కాసేపటికి నా వేళ్ళ కింద ఆ గట్టితనం సడలింది. చేపు దిగింది.

ఒక ముసలివాడు మంచం మీద కూచుని ఏమీ లేనిచోట పాలు పితుకుతున్నాడు, అందరూ చూస్తున్నారు. ఫోనులోంచి గిన్నెలో ధార పడుతున్న చప్పుడు. ముందు సన్నగా, తర్వాత నురగ మీద బరువుగా. సుబ్బరాజుగారు మెడ తిప్పి కళ్ళు తుడుచుకున్నారు.

"దుమ్ము" అన్నారు. "ఈ ఆసుపత్రిలో తుడవరండి."

డాక్టరమ్మ అందర్నీ కౌగిలించుకుంది. సిస్టరుని కూడా. సిస్టరు నా నాడి చూసి, కాగితం మీద రాసుకుని వెళ్ళింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం పాలవేళ మళ్ళీ తొడుగు వేసుకున్నాను. దారి తెగలేదు. కాటుక చేపింది. కానీ వేళ్ళకి ఏదో తేడాగా తగిలింది. ధార గిన్నెలో పడుతున్నట్టు లేదు. కాసేపటికి వీరన్న తన ఇంటిపెట్టెలోంచి డాక్టరమ్మకి ఫోను చేశాడు.

"డాక్టరుగారూ, ఆపమనండి! పాలన్నీ నేల మీద పోతున్నాయి. పిన్ని గిన్నె పెట్టలేదు."

"ఎందుకు?"

"చెయ్యి ముందు కూచుంది. దానికి దణ్ణం పెడుతోంది."

డాక్టరమ్మ నా వంక చూసింది.

"పొద్దున్నించీ మెతుకు ముట్టలేదండి. అనేశాను, ఇంక ఆయన లేరు అంటోంది. బాబాయి ఉన్నాడు పిన్నీ, పాలు పితికాడు కదా అంటే, అది చెయ్యి కదరా, మనిషేడీ అంటోంది. పదోరోజుకి ఎవరెవర్ని పిలవాలని నన్నే అడుగుతోంది."

వీరన్న చేత మా ఆవిడని తన ఇంటికి పిలిపించి, ఫోను దగ్గర కూచోబెట్టాం. డాక్టరమ్మ నాకిచ్చింది.

"నేనే" అన్నాను.

అటునించి ఊపిరి వినపడింది. తర్వాత, "గొంతుదేముంది" అంది మా ఆవిడ. ఎవరో ఊరివాళ్ళతో మాట్లాడినట్టుంది మర్యాద. "మా తమ్ముడు కూడా ఫోను చేశాడు బాబూ. వాడిదీ వాడి గొంతే."

నన్ను బాబూ అంది.

"ఆయనకి మాత్రమే తెలిసినది ఏదైనా చెప్పండి" అని డాక్టరమ్మ గుసగుసలాడింది.

"మా తమ్ముడు బెల్లం కుండ సంగతి చెప్పాడు తల్లీ" అంది మా ఆవిడ. ఆమె చెవులు చాలా పదును.

డాక్టరమ్మ దణ్ణం పెట్టింది నాకు. మాట్లాడండి, ప్రేమగా నాలుగు మాటలు, ధైర్యం చెప్పండి, మీ నోటి నుంచి వస్తే నమ్ముతుంది అని. సుబ్బరాజుగారు కూడా, "ఇలాంటప్పుడైనా నోరు తెరవండి మహానుభావా" అన్నారు. సరేననుకున్నాను. కూడగట్టుకున్నాను.

"ఇదిగో. నేను బాగానే ఉన్నాను. కాలికి ఇనుము పెట్టారు. వాకరుతో నడుస్తున్నాను. ఇక్కడ పప్పులో ఉప్పుండదు. నువ్వు అన్నం తిను. నువ్వు తినకపోతే నాకు కష్టంగా ఉంటుంది. నువ్వు పేరు అన్నందుకు నాకేం కాలేదు. బాగా అన్నావు. నాకు నచ్చింది."

జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు అన్నది అప్పుడే. చెమట పట్టింది. డాక్టరమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది.

అటు మా ఆవిడ ఏడుపు అందుకుంది. పెద్దగా. ఊళ్ళో ఎవరైనా పోతే ఏడ్చే ఏడుపు.

"ఈయన కాదురా వీరన్నా! ఈయన కాదు! ఆయన ఇన్ని మాటలు మాట్లాడరు!"

"ఊ" అన్నాను తొందరగా. "ఊ. ఊ."

అప్పటికే ఫోను పెట్టేసింది.

వార్డులో ఎవరూ నవ్వలేదు. సుబ్బరాజుగారు మాత్రం, "ఊ అనేదేదో ముందే అనాల్సిందండి" అన్నారు.

డాక్టరమ్మ మంచం చివర కూచుంది. తొడుగు ఒళ్ళో పెట్టుకుంది. "నా ప్రయోగం నెగ్గింది" అంది. అంత నీరసంగా ఎవరైనా అలాంటి మాట అనగా నేను వినలేదు. "చెయ్యిని పంపగలిగాను. వేడి పంపగలిగాను. మనిషి ఉన్నాడని పంపడం ఎలాగో నాకు తెలీలేదు, ఏడుకొండలుగారూ."

"ఊ" అన్నాను. అప్పటికే చాలా మాట్లాడి ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే నేను లేచి, వాకరు పట్టుకుని, ఆసుపత్రి వెనక గేటు దాకా నడిచాను. సుబ్బరాజుగారు నా మంచం మీద దిండు నిలువుగా పెట్టి దుప్పటి కప్పమని ఆయాకి చెప్పారు. సిస్టరు అడిగితే నిద్రపోతున్నాడని తను చెప్తానన్నారు. పట్నానికి పాలు తెచ్చి ఖాళీ క్యాన్లతో తిరిగెళ్ళే వ్యాను ఆ గేటు ముందే ఆగుతుంది. డ్రైవరు పైకెత్తి క్యాన్ల మధ్య కూచోబెట్టాడు. గతుకు వచ్చినప్పుడల్లా క్యాన్లూ నేనూ కలిసి మోగాం. రేవులో పడవవాళ్ళు ఒకరు నన్నూ, ఒకరు వాకరునీ మోశారు. లంక ఒడ్డున నన్ను చూసి ఇద్దరు ఆడవాళ్ళు నెత్తిన కొంగేసుకున్నారు. నేను పోయానన్న కబురు అప్పుడే పాకిందన్నమాట.

మా ఇంటికి పన్నెండు మెట్లున్నాయి. వరద తర్వాత ఇళ్ళన్నీ సిమెంటు కాళ్ళ మీద ఎత్తుగా కట్టించుకున్నాం. నా కాలికి ఆ మెట్లు కుదరవు. కింద నిలబడ్డాను. వాకరు చప్పుడుకి మా ఆవిడ పైన గుమ్మంలోకి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఉంది. నా మొహం చూడలేదు. ముందు నా పాదాలు చూసింది. దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఆపరేషను తర్వాత నా కుడి పాదం కొంచెం పక్కకి తిరిగి ఉంది. ఆమె దాన్నే చాలాసేపు చూసింది. నేను మెల్లిగా దాన్ని తిన్నగా పెట్టుకున్నాను.

ఒక్కో మెట్టూ దిగింది. ఆఖరి మెట్టు మీద నిలబడి, చెయ్యి చాపి, నా ముంజేయి మీద గట్టిగా గిల్లింది. సూది గుచ్చినచోటే.

"అబ్బా" అన్నాను.

"తిన్నారా?" అంది.

"లేదు."

పైకెళ్ళింది. ఎసరు పెట్టిన చప్పుడు వినపడింది. వీరన్న మంచం తెచ్చి మెట్ల పక్కన వేశాడు. మా ఆవిడ అన్నం, చింతపండు పచ్చడి తెచ్చి నా ముందు పెట్టి, కాస్త దూరంగా ఆఖరి మెట్టు మీద కూచుని చూస్తూ ఉంది. నేను కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. ఇంకా చూస్తోంది కదా అని, కొంచెం పెద్ద చప్పుడుతోనే నమిలాను. అప్పుడు లేచి, తన పళ్ళెం తెచ్చుకుంది.